చిగురురాయి

నమోదు 311
గాలి: మంచిది. దీపం నిటారుగా నిలబడింది. పెద్దగదిలో ఘాటు మామూలే.

నేను సుంకమ్మని, ఈ గుహకు గాలికావలిని. గబ్బిలాలు మేతకు పోయి తిరిగొచ్చాక దీపం పట్టుకుని గదులన్నీ తిరగాలి. ఎక్కడ ఊపిరి తీయొచ్చో, ఎక్కడ తీయకూడదో చూసి ఈ మాటపెట్టెలో చెప్పాలి. ఇవాళ గాలి సంగతి ఇంతే. చెప్పాల్సింది వేరే ఉంది.

తెల్లవారుతుండగా పక్కనున్న గట్టు ఊరివాళ్ళు మా మీద పడ్డారు. అదను చూసుకునే వచ్చారు. గబ్బిలాలు లక్షల కొద్దీ వాకిట్లోకి దూసుకొచ్చే వేళకి మా కాపలావాళ్ళు గోనెపట్టాలు ముసుగేసుకుని గోడకు అతుక్కుపోతారు. ఆ రెక్కల హోరులో పక్కవాడు కేకపెట్టినా వినపడదు. ఆ నల్లటి గుంపు కింద నడుములు వంచి పరుగెత్తుకుంటూ వాళ్ళు లోపలికి చొరబడ్డారు. చేతుల్లో కొడవళ్ళు, పాత లారీల స్ప్రింగుపట్టీలు సానబెట్టి చేసుకున్న కత్తులు.

తిన్నగా కుండలగదికి పోయారు. ఏరిన చిగురురాయిని అక్కడే కుండల్లో నానబెడతాం. గబ్బిలాల పెంట కింద, బంకమన్నూ సున్నపురాయీ కలిసేచోట పచ్చటి జొన్నగింజల్లా కడుతుంది అది. పెంట ఊటలో నానుతున్నంత కాలం బాగుంటుంది, ఆరిందంటే నాలుగు రోజుల్లో సుద్దపిండి. పిడికెడు నూరి చల్లితే చచ్చిన నేల ఒక పంట పండుతుంది. మా తాతల కాలంలో రంపపురుగు పైర్లన్నీ తినేస్తుంటే, దాన్ని తినడానికని ఎక్కడో ప్రయోగశాలలో ఈ గబ్బిలాలను పుట్టించి వదిలారట. పురుగు తగ్గింది. అప్పటికే మందులు కొట్టి కొట్టి నేలను చంపేశారు. ఇప్పుడు ఎవరు బతకాలన్నా ఈ రాయే గతి.

కుండలగది గడపలో హుసేనప్ప ఒక్కడే ఉన్నాడు. ఒకడు అతని కడుపులో కత్తి దించాడు. హుసేనప్ప ఆ కత్తి పిడిని, దాన్ని పట్టుకున్న చేతిని కలిపి రెండు చేతులతో అదిమిపట్టాడు. వెనక్కి లాగనివ్వలేదు, గడప దాటనివ్వలేదు. పేగులు జారుతున్నా వదల్లేదు. అంతలో నా తమ్ముడు మద్దిలేటి గడ్డపార ఎత్తుకుని వచ్చాడు. ఒక్క దెబ్బకు వాడి తల పగిలింది. ఆ చప్పుడు గదులన్నీ తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. మిగిలినవాళ్ళు దొరికిన కుండలు ఎత్తుకుని పారిపోతుంటే మావాళ్ళు తరిమి వాకిట్లో ముగ్గుర్ని నరికారు.

హుసేనప్ప తలను ఒళ్ళో పెట్టుకుని అతని భార్య కాశింబీ చాలాసేపు కూర్చుంది. గుహలో రాయి ఏరే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద, నాకు ప్రాణస్నేహితురాలు. ఏడుస్తుందనుకున్నాను. పక్కన పడున్న గట్టువాడి చొక్కా పైకెత్తి చూపించింది.

"వీని కడుపు సూడు సుంకూ. ఈపుకు అంటుకోని పోయుండాది. తిండి తిని ఎన్నాళ్ళయిందో."

సాయంత్రం అందరం కూడాం. మద్దిలేటి ఇంకా ఆ గడ్డపార పట్టుకునే ఉన్నాడు. "ఇంగ కాపలా నా సేతికియ్యండి" అన్నాడు. అందరూ సరేనన్నారు. నేనూ అన్నాను.

నమోదు 314
గాలి: మంచిది.

మద్దిలేటి పాత లారీల ఇనుముతో వాకిలికి గేటు కట్టించాడు. అడ్డగడియ వేస్తే బయటినుంచి ఏనుగు వచ్చినా కదలదు. గబ్బిలాలకు మాత్రం పైకప్పు కన్నం ఉంది.

మధ్యాహ్నం ఒక మనిషి ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా విప్పేసి, చేతులు పైకెత్తి, దగ్గర ఆయుధమేమీ లేదని చూపిస్తూ వచ్చాడు. గట్టువాళ్ళ పెద్ద బీచుపల్లి కొడుకు ఉరుకుందు. పెళ్ళాం పిల్లలున్న మనిషి. గేటు బయట నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"మా నాయన పంపినాడు. కొట్లాటకు రాల్యా. మీ మనిషిని మేం సంపినాం, మావోళ్ళని మీరు సంపినారు. ఇంగ సాలు. మాకు బోరులో నీళ్ళుండాయి, నేల సచ్చింది. మీకు రాయుండాది, నీళ్ళు ల్యావు. ఈడికి దాకా కాలవ మేమే తవ్వుతాం. రాయిలో సగం ఇయ్యండి."

మావాళ్ళలో గుసగుసలు లేచాయి. మా తాగునీటి ఊట ఈ ఏడు దారంలా సన్నబడింది. స్నానాలు మానేసి చాలా కాలమైంది. ఎవరి మొహం చూసినా ఒప్పుకోవాలనే ఉంది. కాశింబీ ముందుకొచ్చింది.

"మొగుణ్ణి పోగొట్టుకున్నది నేను. నేనే సెప్తాండా, ఒప్పుకో మద్దిలేటీ."

మద్దిలేటి నవ్వాడు. అడ్డగడియ తీయించి, "ఎండలో యాల నిలబడేది? లోపలికి రాప్పా, కూసోని మాట్లాడుకుందాం" అన్నాడు.

ఉరుకుందు లోపలికి వచ్చాడు. ముందు కాశింబీ దగ్గరికే పోయి వంగి ఆమె కాళ్ళు తాకాడు. "అమ్మా, మీ ఇంటాయన..." అన్నాడు. అంతే. మద్దిలేటి వెనకనుంచి వచ్చి మెడ మీద కొడవలి వేశాడు. మొదటి దెబ్బకు తెగలేదు. ఉరుకుందు మోకాళ్ళ మీద తిరిగి, చేయి అడ్డం పెట్టబోయాడు. రెండో దెబ్బకు వేళ్ళు కూడా తెగి పడ్డాయి. కాశింబీ మొహం మీద, నా చేతిలో దీపం మీద నెత్తురు చిందింది. దీపం చుయ్‌మని ఆరిపోయింది.

మద్దిలేటి అతని కాళ్ళు పట్టుకుని పెద్దగదిలోకి ఈడ్చుకుపోయి పెంటగుంతలోకి తోసేశాడు. మనిషి లోతు పెంట అది. మెల్లగా మింగేసింది.

"ఒట్టి సేతుల్తో వచ్చినోణ్ణి సంపినావు కదరా!" అన్నాను.

"అక్కా, ఈ పొద్దు రాయి అడిగినోడు రేపు గుహ అడుగుతాడు. నువ్వు గాలి సూసుకో. మనుషుల్ని నేను సూసుకుంటా."

నమోదు 318
గాలి: గంధకం కంపు. పైగదిలో ఊపిరి తీయొచ్చు గాని గొంతు మండుతుంది.

పైగది పొడిగా ఉంటుంది. దాని గోడలకు పెట్లుప్పు, అదే సురేకారం, దూదిలా తెల్లగా పూస్తుంది. ఎన్నో ఏళ్ళ పెంట నుంచి ఊరి, రాతిలో ఇంకి, అక్కడ తేలుతుంది. ఇన్నాళ్ళూ మేం దాన్ని తోళ్ళు పదును చేయడానికి తప్ప వాడలేదు. మద్దిలేటి గోడలన్నీ గీకించాడు. కూలిపోయిన చక్కెర ఫ్యాక్టరీ గోడౌన్‌లో గంధకం దొరికింది. బొగ్గుకు కొదవ లేదు. తూటామందు చేసి ఇనుప గొట్టాల్లో కూరించి, పైగదిలోనే పేర్చాడు.

కొడుకు తిరిగి రాకపోయేసరికి బీచుపల్లి ఊరు ఊరంతా కదిలించుకుని వచ్చాడు. ఈసారి మొగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ ఉన్నారు. గునపాలు, రోకళ్ళు, ఏది దొరికితే అది పట్టుకున్నారు. గేటు లేని మా రెండో దారి, కింది వాకిలి. దానికి దారితీసే వంకలోంచి ఎక్కుతున్నారు. మద్దిలేటి వాళ్ళని సగం దూరం రానిచ్చాడు. ఆ తర్వాత వంక మీది బండ సందుల్లో ముందే పెట్టించిన గొట్టాల వత్తి ముట్టించాడు.

ముందు నేల నా కాళ్ళ కింద ఎగిరింది. చప్పుడు తర్వాత వినపడింది. వంక మీద వేలాడే బండ మొత్తం విరిగి కిందికి జారింది. దుమ్ము తగ్గాక చూస్తే వంక లేదు. రాళ్ళ గుట్ట ఉంది. దాని అంచున ఒక ఆడమనిషి నడుం దాకా రాళ్ళ కింద ఇరుక్కుని, చేతుల్తో నేలను గీకుతోంది. ఆమెను లాగడానికి వచ్చినవాణ్ణి మద్దిలేటి మనుషులు ఇనుప గొట్టంతో చేసుకున్న నాటుతుపాకీతో కాల్చారు. లాగడానికి ఇంకొకడు వచ్చాడు. వాణ్నీ కాల్చారు. ఇంకెవరూ రాలేదు. ఆమె అరుపు పొద్దుగూకేదాకా వినపడింది.

మా కింది వాకిలి కూడా ఆ రాళ్ళ కిందే మూసుకుపోయింది. ఇక మాకు గేటు ఒక్కటే దారి.

ఆ అదురుకు గబ్బిలాలన్నీ లేచాయి. మండుటెండలో పైకన్నంలోంచి పొగలా బయటికి పోయి, దారి తెలీక కొండకు కొట్టుకుని రాలాయి. తొక్కకుండా అడుగు వేయలేకపోయాం. బతికినవాటిలో చాలా భాగం తిరిగి రాలేదు.

కాశింబీ నన్ను కుండలగదికి తీసుకుపోయింది. అదురుకు ఊట ఒలికిపోయిన ఒక కుండలో చేయి పెట్టి రాళ్ళు తీసింది. పచ్చదనం అంచుల్లో పాలిపోయి, వేళ్ళ మధ్య నలిపితే సుద్దలా రాలింది.

"కొత్త పెంట పడకపోతే పెంట ఊట ఉండదు. ఊట లేకపోతే రాయి సస్తాది. మీ తమ్మునికి సెప్పు."

చెప్పాను. వాడు మందు నిండిన గొట్టానికి మూత బిగిస్తున్నాడు. కళ్ళెత్తలేదు.

"రాయి పోతే పోనీలే అక్కా. వాళ్ళ బోరు తీసుకుందాం, వాళ్ళ ఊరు తీసుకుందాం. ఇది సేతిలో ఉంటే మనకు ఎదురెవరు?"

చిన్నప్పుడు దెబ్బ తగిలితే నా కొంగులో మొహం దాచుకుని ఏడ్చేవాడు. వాడి మొహంలో ఆ పిల్లాణ్ణి వెతికాను. కనపడలేదు.

నమోదు 321
గాలి: చెడ్డది. పెద్దగదిలోకి ఎవరూ పోవద్దు. దీపం మోకాలి ఎత్తులోనే ఆరిపోతోంది. ఈ మాట పొద్దున చెప్పింది, మిగతాది తర్వాత.

నిన్న గట్టువాళ్ళు గబ్బిలాల కన్నంలోంచి తాళ్ళు వదిలి దిగారు. పెద్దగది నడిమధ్యలో, పెంట మీదికి. మోకాళ్ళ దాకా కూరుకుపోయి, ఘాటుకు కళ్ళు తెరవలేక తడుముకుంటున్నారు. కత్తుల్తోనే ఆపగలిగేవాళ్ళం. మద్దిలేటి గొట్టం విసిరాడు.

ఇనుప తునకలకు వాళ్ళు అక్కడికక్కడే చీలిపోయారు. ఒకడి చేయి తాడును పట్టుకుని అలాగే వేలాడింది, దాని కింద మనిషి లేడు. నిప్పురవ్వలు గోడవార పేరుకున్న ఎండుపెంటలోకి దిగాయి.

పెంటకు అంటుకున్న నిప్పుకు మంట ఉండదు. లోలోపలే ఎర్రగా పాకుతుంది. ఒకచోట తవ్వి నీళ్ళు పోస్తే ఇంకోచోట పసుప్పచ్చటి పొగ లేస్తుంది. తాగడానికి దాచుకున్న నీళ్ళన్నీ పోశాం. ఆగలేదు. నిప్పు పైగది మెట్ల వైపు పోతోంది. పైగదిలో మందు ఉంది.

పిల్లలతో, ముసలివాళ్ళతో అందరం గేటు దగ్గరికి చేరాం. గేటు బయట బీచుపల్లి మనుషులు రాళ్ళ చాటున కాచుకుని ఉన్నారు. దగ్గుల మధ్య మాట వినపడటం లేదు. మద్దిలేటి అడ్డగడియకు వీపు ఆనించి, కొడవలి పట్టుకుని నిలబడ్డాడు.

"తీస్తే ఒక్కరిని మిగల్చరు. నిప్పు అదే ఆరిపోతాది. ఓర్చుకోండి."

"ఆరదురా, నా మాట విను" అన్నాను. "దీపం నడుం ఎత్తులో ఆరిపోతాండాది. ఇంగ కొంచెం సేపుంటే కూసున్న పిల్లోళ్ళు లేవరు."

"ఎవరూ కదలగూడదు!"

కాశింబీ కదిలింది. ఆమె చంకలో ఎవరిదో పసిబిడ్డ ఉంది, మెడ వాల్చేసింది. బిడ్డను నా చేతుల్లో పెట్టి, తిన్నగా మద్దిలేటి దగ్గరికి పోయి అడ్డగడియ మీద చేయి వేసింది.

"జరుగు నాయనా. సంపుతారో ల్యాదో వాళ్ళ ఇష్టం. ఈడ మాత్రం సస్తాం."

వాడు జరగలేదు. రెండోసారి చెప్పలేదు కూడా. కొడవలి ఆమె పక్కటెముకల్లోకి దించాడు. ఆమె అడ్డగడియను వదలకుండా దాని వెంబడే కిందికి జారింది.

బిడ్డను పక్కామెకు ఇచ్చాను. గోడకు ఆనించి పెంట గీకే ఇనుప పార ఉంది. మద్దిలేటి వంగి ఆమె వేళ్ళను గడియ నుంచి ఊడదీస్తున్నాడు. వాడి మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట, పార అంచుతో కొట్టాను. వాడు తిరిగి చూశాడు. "అక్కా" అన్నాడు. మళ్ళీ కొట్టాను. పడ్డాడు. పడ్డాక ఇంకో దెబ్బ వేశాను, లేస్తాడేమోనన్న భయంతో.

వాణ్ణి కాలుతో పక్కకు నెట్టి గడియ తీశాను.

నమోదు 322
గాలి: బయటిది. కొలవలేదు.

గేటు తెరుచుకోగానే ముందు బయటపడ్డ ఇద్దర్ని గట్టువాళ్ళు నరికేశారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. దగ్గుతూ, కళ్ళు కనపడక, కత్తుల మీదికే నడిచారు. వాళ్ళ వెనక పిల్లలు పాక్కుంటూ రావడం చూశాక బీచుపల్లి గట్టిగా అరిచాడు. కత్తులు ఆగాయి. అన్నీ ఆగలేదు. ఒకడు మావాళ్ళలో ఒక ముసలాయన మీద ఇంకా కత్తి వేస్తూనే ఉంటే బీచుపల్లే వాణ్ణి కాలితో తన్నాడు.

నేను కాశింబీని ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. ఆమెకు అప్పటికే ప్రాణం లేదు. నా బట్టల నిండా నెత్తురు చూసి బీచుపల్లి నా జుట్టు పట్టుకున్నాడు. పొట్టిగా, తెల్లమీసాలతో ఉన్నాడు. కత్తి నా గొంతు మీద పెట్టాడు.

"నా కొడుకు యాడ?"

"సచ్చిపోయినాడు. రాజీకి వచ్చినోణ్ణి నా తమ్ముడు ఎనకనుంచి నరికినాడు. శవం లోపల పెంటగుంతలో ఉండాది."

"నీ తమ్ముడు యాడ?"

"గేటు దగ్గర పడుండాడు. నేనే సంపినా."

కత్తి కదల్లేదు. అతని ఊపిరి నా మొహానికి తగులుతోంది. ఏం చేసేవాడో నాకు తెలీదు. అప్పుడే పైగది పేలింది.

కొండ వీపు పైకి లేచి కూలిపోయింది. గేటు ఊడి మా నెత్తుల మీదుగా ఎగిరి దూరంగా రాళ్ళలో పడింది. పైగది కప్పు పెద్దగది మీద, పెద్దగది వాకిలి మీద పడి, మధ్యలో ఉన్నదాన్నంతా తనలో కలిపేసుకుంది. నడవలేక లోపలే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ అరుపు కూడా రాలేదు. రాళ్ళ సందుల్లోంచి పసుపు పొగ ఒక్కటే వచ్చింది.

అందరం నేల మీద పడి ఉన్నాం, వాళ్ళూ మేమూ కలిసి. ముందు లేచింది బీచుపల్లి. పొగ వైపు చూస్తూ కొడుకును పేరు పెట్టి పిలిచాడు. తర్వాత నా దగ్గరికొచ్చి కత్తి పిడితో నోటి మీద కొట్టాడు. పళ్ళు రెండు ఊడాయి.

"లెయ్యి. నడువు" అన్నాడు.

కాశింబీని మోసుకుపోనిమ్మన్నాను. వద్దనలేదు.

నమోదు 1
గాలి: గుహలో మంచిది. వానల తర్వాత నుంచి దీపం నిలబడుతోంది.

ఎండాకాలమంతా గుహ లోపల కాలుతూనే ఉంది. వానలు పడ్డాక చల్లారింది, గట్టువాళ్ళు రాళ్ళు తొలిచి లోపలికి దారి చేశారు. బీచుపల్లి నాతో "లోపలికి పోయి గాలి సూడు" అన్నాడు. నా దగ్గర లాక్కున్న మాటపెట్టెను మాత్రం ఇవాళే తిరిగిచ్చాడు. గట్టులో మాకు రెండు పూటలా సంకటి పెడుతున్నారు, మాతో మాట్లాడరు. మావాళ్ళు ఇద్దరు పారిపోతుంటే పట్టుకుని కాళ్ళు విరగ్గొట్టారు. కాశింబీని వాళ్ళ శ్మశానం పక్కనే పూడ్చనిచ్చారు.

గబ్బిలాలు లేవు. పెంట లేదు. ఒక్క చిగురురాయి లేదు. నిప్పుకు అంతా కరిగి, సున్నపురాయితో కలిసి, కొత్తదేదో కట్టింది. మాడిన బెల్లపుపాకం రంగులో, గాజులా, గడ్డలు గడ్డలుగా ఉంది. దానికి పేరు లేదు. ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒక గడ్డ నూరి చచ్చిన మట్టిలో కలిపి కుండలో కొర్రలు వేశాం. మొలకలు పచ్చగా రాలేదు, పసుప్పచ్చగా వచ్చాయి. అయినా నిలబడ్డాయి. వెన్ను కూడా వేశాయి. బీచుపల్లి ఆ కుండను ఇంటింటికీ తిప్పి చూపించాడు.

ఇప్పుడు మేం, గట్టువాళ్ళు, అందరం ఆ రాయే కొడుతున్నాం. కొట్టినప్పుడు ఎముకలు బయటపడుతున్నాయి. నూరే ముందు ఎముక అన్నది ఒక్కటి మిగలకుండా ఏరాలని బీచుపల్లి ఆజ్ఞ. ఆ పనికి తన భార్య గిడ్డమ్మను కూర్చోబెట్టాడు. ఉరుకుందు తల్లి. ఆమె జల్లెడ పట్టుకుంటే, నేను ఆమె పక్కన సుత్తి పట్టుకుంటాను. ఇన్ని రోజుల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇవాళ నా సుత్తి కింద ఒక పెద్ద గడ్డ చీలింది. లోపల ముంజేతి ఎముక. మొగవాడిది. రాయి దాని చుట్టూ తొడుగులా కట్టి, విడిపోయేటప్పుడు దాని అచ్చు మిగిల్చింది. పైగది, పెద్దగది, వాకిలి అన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి గనక ఏది ఎక్కడిదో చెప్పలేం.

గిడ్డమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా కొడుకుదా, నీ తమ్మునిదా?"

"తెల్దు గిడ్డమ్మా."

"సరిగా సూడు. నీ తమ్ముని సేతులు నువ్వు ఎరగవా?"

చూశాను. మళ్ళీ చూశాను. చిన్నప్పుడు ఆ చేతికి గోరింటాకు పెట్టమని ఏడిస్తే పెట్టాను, మొగపిల్లలకెందుకని అమ్మ తిట్టింది. ఈ ఎముకలో అదేమీ లేదు.

"తెలడంల్యా" అన్నాను.

గిడ్డమ్మ ఎడమచేత్తో ఎముకను ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో నా చెంప మీద కొట్టింది. బలమంతా పెట్టి కొట్టింది. పళ్ళు ఊడినచోట చిగురు చీలి నోట్లోకి నెత్తురు వచ్చింది. చుట్టూ సుత్తులు ఆగాయి. నేను మొహం తిప్పలేదు. ఆమె మళ్ళీ చేయి ఎత్తింది. కొట్టకుండానే దించింది.

లేచి, ఎముకలు పెట్టే గుంత దగ్గరికి పోయింది. వంగి, దాన్ని పడేయకుండా మిగతావాటి పక్కన పెట్టి, పైన పిడికెడు మట్టి వేసింది. తిరిగొచ్చి నా పక్కనే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని జల్లెడ అందుకుంది.

"ఇంగో గడ్డ కొట్టు" అంది.